ఎముకనుండి ఊపిరితిత్తులకు

కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో పిల్లవాని మోకాలు వాచినచో పెద్దలు మొట్టమొదట అను మాట “యాడో పడింటాడులే” అని. పిదప ఆముదము రాచి కాపడము పెట్టుదురు. తగ్గనిచో నాటు కట్టు కట్టింతురు. ఈ ఊహ చాలవరకు సరియైనదే. చెడుగుడు ఆడు వయస్సులో దెబ్బ తగులని మోకాలెక్కడిది? కాని ఎప్పుడో ఒకప్పుడు ఆ వాపునకు కారణము దెబ్బ కాదు. అట్టి వేళ లోపల జరుగుచున్నదేమో, దానినిగూర్చి శాస్త్రజ్ఞులు తెలిసికొన్నదేమో శ్రోతలకు మనవి చేయుట మా ఉద్దేశము.

ఎముకలోనే పుట్టు కాన్సరులలో ముఖ్యమైనది ఆస్టియోసార్కోమా. ఇది అరుదైన వ్యాధి. పది లక్షల మందిలో ఏటా ముగ్గురు నలుగురికి మాత్రమే వచ్చును. అయితే ఎక్కువగా ఎముకలు త్వరత్వరగా సాగు వయస్సులో, పది యిరువది యేండ్ల నడుమ వచ్చును. మోకాటికి పైనగాని క్రిందగాని తరచుగా పొడసూపును. 1970కి పూర్వము కాలు తీసివేసినను, ఐదుగురిలో నలుగురు కొద్ది యేండ్లకే మరణించుచుండిరి. కాలు తీయునాటికే కంటికి కనబడని వ్యాధి కణములు ఊపిరితిత్తులకు చేరియుండుటయే దీనికి కారణము. అవి అచ్చట ఎట్లు నిలదొక్కుకొనుచున్నవి?

దీనికి కొంత సమాధానము మిక్కిలి చిన్న వస్తువులలో దొరకినది. మన శరీరములోని కణములు పలుచని పొరతో చేసిన సూక్ష్మమైన సంచులను ఎడతెగక వెలికి విడుచుచుండును. వానిలో ఎక్సోసోములు అనబడునవి తలవెంట్రుక మందములో వందలకొద్ది ప్రక్కప్రక్కన ఇమిడిపోవునంత చిన్నవి. 1967లో పీటర్ వుల్ఫ్ అను శాస్త్రజ్ఞుడు రక్తములో ఇట్టివానిని చూచి, రక్తఫలకికల ధూళి యని పేరిడెను. 1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టన్ బృందము గొఱ్ఱె రక్తకణములు, అమెరికాలో మరియొక బృందము ఎలుక రక్తకణములు ఇట్టి సంచులను వెలికి పంపు తీరును కనుగొనిరి. చాలకాలము ఇవి కణము పారవేయు చెత్త యనుకొనిరి. కాని 2007లో, వీనిలో ఆర్.ఎన్.ఏ. అను సందేశ పదార్థము గలదనియు, అది మరియొక కణములో పనిచేయుననియు తేలినది. చెత్తబుట్ట యనుకొన్నది తపాలా సంచి యయ్యెను!

కాన్సరు కణములును ఈ తపాలానే వాడుకొనుచున్నవి. నల్లరేగడిలో రైతు విత్తుటకు ముందే దుక్కి దున్ని, పెంట వేసి, గుంటక తోలి నేలను సిద్ధము చేయును గదా! కాన్సరు సంచులును అట్లే విత్తనమునకు ముందు పోయి నేలను పదును చేయును. ఏ సంచి ఏ అవయవమునకు పోవునో దాని పైపొరమీది ఇంటెగ్రిను అను మాంసకృత్తులు చాలవరకు నిర్ణయించునని 2015లో న్యూయార్క్‌లోని డేవిడ్ లైడెన్ బృందము చూపెను. 2017లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు, ఆస్టియోసార్కోమా సంచులు సమీపమందలి మంచి మూలకణములను లోబరచుకొని, వ్యాధికి తోడ్పడు ఇంటర్‌ల్యూకిన్-6 అను పదార్థమును స్రవింపజేయునని ఎలుకలలో నిరూపించిరి. ఆ పదార్థమును అడ్డు మందుతో ఆపగా వ్యాధి వెనుకంజ వేసినది. మందునకు లొంగని కణములు తమ మొండితనమును ఈ సంచులద్వారా ఇతర కణములకు అందించగలవని కూడ ప్రయోగశాలలలో కనుగొనిరి.

ఈ వ్యాధి చికిత్సలో ఒక తెలుగువాని పేరు స్మరింపదగియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో జరిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలమే మెథోట్రెక్సేట్ అను మందు. ఆయన 1948లోనే కన్నుమూసిరి. 1970 దశకములో బోస్టన్ వైద్యులు ఆ మందును పెద్ద మోతాదులో ఇచ్చి, వెనువెంటనే విరుగుడు నిచ్చు పద్ధతిని ఈ వ్యాధికి వాడిరి. నేడు వ్యాధి ఎముక దాటకముందే పట్టుకొని, మందులు, శస్త్రచికిత్స రెండును సక్రమముగా జరిపినచో పదిమందిలో ఆరేడుగురు బ్రతుకుచున్నారు. అనేకులకు కాలు తీయవలసిన అవసరము కూడ లేదు. ఊపిరితిత్తులకు ప్రాకిన పిదప ఆ ఆశ చాల తగ్గిపోవును.

రక్తములోని ఈ సంచులను పరీక్షించి వ్యాధిని ముందే కనుగొనవలెనని పరిశోధనలు సాగుచున్నవి. అవి ఇంకను ప్రయోగశాల దాటలేదు. రక్తపు చుక్కతో ఎముక కాన్సరును తేల్చెదమను ప్రకటనలను నమ్మవలదు. నేటికి మన చేతిలోనున్న తొలి సాధనము ఎక్స్‌రే పటమే.

కట్టు కట్టువారిని తూలనాడుట మా అభిమతము కాదు. పుత్తూరు కట్టునకు రాయలసీమయందంతట పేరున్నది. కాని కట్టు విరిగిన ఎముకకు. పెరుగుచున్న గడ్డకు గాదు. రెండు మూడు వారములైనను తగ్గని నొప్పి, రాత్రివేళ నిద్రలేపు నొప్పి, దినదినము పెరుగు వాపు ఉన్నచో దానిని మర్దింపవలదు, కట్టు బిగింపవలదు. కర్నూలులోను, కడపలోను ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నవి. అచ్చటికి బిడ్డను తీసికొనిపోయి ఎక్స్‌రే తీయింపుడు. అనుమానము కలిగి ముక్క తీసి పరీక్షింపవలసి వచ్చినచో, చికిత్స జరుగబోవు పెద్ద ఆసుపత్రిలోనే ఆ పరీక్ష చేయించుట మేలు. పటములో ఏమియు లేదని తేలినచో పోయినది ఒక దినపు కూలి మాత్రమే. ఉన్నదని తేలినచో, ఆ దినమే బిడ్డ ప్రాణమును నిలుపవచ్చును.