పాలమూరు తొవ్వ పొంటి రెండు కరువులు

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువంటే వాన పడకపోవడమని బడిలో చెప్పిన్రు. అది సగమే నిజం. మిగిలిన సగం తెలియాలంటే హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద, కిటికీ పక్కన కూచొని, నిద్రపోకుండా ఒక్కసారి పోయి రావాలె. 2002 నవంబర్‌లో మేం నలుగురం అట్ల పోయినం. ఆ ఏడు దేశం మొత్తం మీద నైరుతి వానలు సగటు కంటే 19 శాతం తక్కువ పడ్డయి. పొలాలు ఎండి ఉంటయని తెలిసే బయలుదేరినం. ఏ పొలం ఎందుకు ఎండిందో చూద్దామన్నదే మా పట్టుదల.

షాద్‌నగర్ దాటినంక ఎర్ర చెలకలు. ఆముదం మోకాలెత్తు లేవలేదు. జొన్న కంకి వేయకుండనే మాడితే, దాన్నే కోసి పశువులకు వేస్తున్నరు. చెరువులల్ల తుమ్మచెట్లు మొలిచినయి. జడ్చర్ల అవతల ఒక చెలకల బోరు బండి కనిపిస్తే ఆగినం. ఆ రైతుకు అది నాలుగో బోరు. మూడువందల ఫీట్లు దాటినా దుమ్మే లేస్తున్నది. ఆయన బోరు దిక్కు చూస్తలేడు, ఫీట్లు రాసుకుంటున్న పిలగాని దిక్కు చూస్తున్నడు. ఫీటుకింత అని లెక్క గదా!

అప్పటికి రెండేండ్ల కింద, 2000 ఆగస్టు 28న, పెంచిన కరెంటు చార్జీలు తగ్గించమని అడిగినందుకు బషీర్‌బాగ్‌ల తుపాకులు పేలినయి. కాలువ కింది రైతుకు నీళ్లు సర్కారు తెచ్చి ఇస్తది. చెలక రైతు బోరుకు తానే అప్పు తేవాలె, మోటరు తానే కొనాలె, 2004 దాకా కరెంటు బిల్లు గూడ తానే కట్టాల్సి వచ్చేది. అయినా బడ్జెట్ లెక్కల్లో ఇద్దరూ ఒక్కటే పేరుతో ఉంటరు: రైతులు.

పెబ్బేరు సంతల అమ్మేటోళ్లే గాని కొనేటోళ్లు లేరు. ఎడ్ల జతను అమ్ముకున్న ఒకాయన తలుగులు మాత్రం భుజాన వేసుకొని పోతున్నడు. మళ్ల ఎడ్లు కొంటడో లేదో అడగడానికి మాకు నోరు రాలేదు. రోడ్డు పక్కన మూటలు, గిన్నెలు, పిల్లలతోటి కుటుంబాలు బండి కోసం చూస్తున్నయి. గుంపు మేస్త్రీ దగ్గర ముందుగాల పైసలు తీసుకున్నరు, ఆ పైసలు తీరేదాకా తిరిగి రారు. దేశంల ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసింది ఈ పాలమూరు లేబరే.

బీచుపల్లి వంతెన మీద బండి ఆపి కింద కృష్ణను చూసినం. వాన లేని కరువు అక్కడిదాకే అనుకోండి. అలంపూర్ చౌరస్తా కాడ కుడికి తిరిగి శాంతినగర్ తొవ్వ పట్టినంక కనిపించింది వేరే కరువు. ఇక్కడ కాలువ ఉంది. తూములున్నయి. నీళ్లే లేవు.

అది రాజోలిబండ మళ్లింపు పథకం, మనం ఆర్డీఎస్ అంటం. ఆనకట్ట తుంగభద్ర మీద, కర్ణాటకల ఉంది. నిజాం కాలంల మొదలై 1950లలో పూర్తయింది. గద్వాల, అలంపూర్ ప్రాంతంల 87,500 ఎకరాలు పారాలె. 1976ల బచావత్ ట్రిబ్యునల్ దీనికి 15.9 టీఎంసీలు రాసి ఇచ్చింది. అందులో సగం ఆయకట్టుకు గూడ నీళ్లందని ఏండ్లే ఎక్కువ. ఆనకట్టల ఒండ్రు నిండింది, కర్ణాటకల పారే కాలువ దెబ్బతిన్నది, బాగుచేసే పనులు అవతలి గట్టు అభ్యంతరాలతోటి ఆగినయి. హైదరాబాద్‌ల కూచున్న పాలకులు గట్టిగ అడిగిన పాపాన పోలేదు. కాలువ గట్టు మీద ఒక పెద్దమనిషి అన్నడు: "కాలువకు మా నాయిన భూమి ఇచ్చిండు సారూ. భూమి పోయింది, కాలువ వచ్చింది, నీళ్లే తొవ్వ తప్పినయి."

అదే నది మీద, కిందికి పోతే సుంకేసుల. అక్కడినుంచి కేసీ కెనాల్‌కు 39.9 టీఎంసీల కేటాయింపు. కర్నూలు, కడప రైతు మీద మనకు పగ లేదు, ఆయన పంట ఎండాలని కోరుకోం. ఆయన హక్కుకు సర్కారు కాపలా ఉన్నట్టు మన హక్కుకు ఎందుకు లేదన్నదే ప్రశ్న. ఇట్లాంటి లెక్కలు మామూలు మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పింది కేంద్ర జలసంఘంల చీఫ్ ఇంజనీరుగ పనిచేసిన ఆర్. విద్యాసాగర్‌రావు గారు. 2017ల ఆయన పోయినంక ఆ పని ఎవరు చేస్తున్నరు?

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2018ల తుమ్మిళ్ల ఎత్తిపోతల వచ్చింది. సుంకేసుల వెనుక నీళ్లను ఎత్తి ఆర్డీఎస్ చివరి ఆయకట్టుకు పోస్తున్నరు. సంతోషమే. స్వరాష్ట్రం లేకుంటే అదిగూడ అయ్యేది కాదు. కాని ఒక్క మాట. వాలుకు దానంతట అది రావాల్సిన వాటాను మనం మోటర్లు పెట్టి, కరెంటు కాల్చి తెచ్చుకుంటున్నం. చెలక రైతు బోరుకు, దీనికి తేడా సైజులనే ఉంది. మోటరు వచ్చింది గదా అని 15.9 మాట మరిచిపోతే, రేపు ట్రిబ్యునల్ ముందు మనమే దాన్ని వదులుకున్నట్టయితది.

అందుకే నీటిపారుదల శాఖల ఉన్న మిత్రులను అడుగుతున్నం. రాజోలిబండ కాలువ కర్ణాటక సరిహద్దు దాటే కాడ ఈ సీజన్ల ఎన్ని నీళ్లు దాటినయో ఆ అంకె మీ రిజిస్టర్లల్ల ఉంటది. నెల నెలా బయటపెట్టండి. విద్యార్థులు దాన్ని తీసుకపోయి అయిజ, వడ్డేపల్లి, మానోపాడు, అలంపూర్ మండలాలల్ల ప్రతి పంచాయతీ గోడ మీద 15.9 పక్కన రాయాలె. సున్నం, బ్రష్షుల ఖర్చు మేం పెట్టుకుంటం.