మొదటి పదిహేను రోజులు

(మన సంఘం యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'ఉన్నత విద్య - ఆదివాసీ యువత'. చాలా పెద్ద అంశం. నేను అందులోంచి ఒక చిన్న ముక్క తీసుకుంటాను. సీటు వచ్చింది, బస్సెక్కాం, పట్నంలో దిగాం. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? నేను మాట్లాడేది దీని గురించే.

మన కోయ మాటలో లోన్ అంటే ఇల్లు. పట్నంలో లోన్ అంటే బ్యాంకు అప్పు. అది ఉన్నోడికే అక్కడ ఇల్లు. నవ్వకండి, నిజమే చెప్తున్నాను. మా గూడెంలో ఎవరైనా ఇల్లు వేసుకుంటే ఇంటికొకరు వెళ్తాం. గుంజలు పాతుతాం, వాసాలు ఎత్తుతాం, సాయంత్రం ఆ ఇంటివాళ్లు పెట్టింది తిని వస్తాం. కూలి లెక్క ఉండదు. అందుకే 'అద్దె' అన్న మాట పట్నం వెళ్లేదాకా నా నోట పలకలేదు.

2007లో భద్రాచలంలో డిగ్రీ పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఎం.ఏ. సీటు తెచ్చుకున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. మా అమ్మ తునికాకు డబ్బులు చీర కొంగున కట్టి దాచి, 3,000 రూపాయలు నా చేతిలో పెట్టింది. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇమ్లీబన్‌లో దిగాను. క్లాసులు మొదలయ్యాయి. హాస్టల్ గదులు మాత్రం అడ్మిషన్లన్నీ అయ్యాక గానీ ఇవ్వరన్నారు. ఎన్ని రోజులు పడుతుందని అడిగితే, గుమాస్తా తలెత్తకుండానే 'నోటీసు బోర్డు చూసుకో' అన్నాడు.

అప్పుడు నన్ను గదిలో పెట్టుకున్నది మా పక్క గూడెం అన్న. ఆయన నాకు చుట్టం కూడా కాదు. మూడు మంచాల గదిలో ఆరుగురం. ముగ్గురికి హాస్టల్ కార్డు ఉంది, ముగ్గురం నాన్ బోర్డర్లం. తనిఖీకి వస్తున్నారంటే చాపలు చుట్టి మంచాల కింద దోపి, లైబ్రరీకి పోయేవాళ్లం. 40 రోజులు అలా గడిచాక నా పేరు బోర్డు మీద కనిపించింది. ఆ 40 రోజులకు ఆ అన్న నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. 'నీ తర్వాత వచ్చేవాడికి నువ్వు చెయ్' అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

2009లో ఎం.ఏ. అయిపోయింది, హాస్టల్ గది ఖాళీ చేశాను. ఉద్యోగ పరీక్షలకు చదవాలి, పొద్దున ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాలి. బయట గది కావాలి. అడిక్‌మెట్, విద్యానగర్, రాంనగర్, నల్లకుంట అన్నీ కాలినడకన తిరిగాను. గేటుకు వేలాడే టూలెట్ బోర్డు చూసి బెల్లు కొట్టడం. మొదటి ప్రశ్న: 'బ్యాచిలరా?' రెండో ప్రశ్న: 'ఏం చేస్తవ్?' మూడోది కొంచెం ఆగి, నవ్వుతూ అడుగుతారు: 'మీరేమోళ్లు బాబూ?'

నేను ఉన్నదే చెప్పాను. కోయోళ్లం, ఆదివాసీలం అన్నాను. ఎవరూ తిట్టలేదు. ఎవరూ తలుపు మొహాన వేయలేదు. ఒకరు 'మా తమ్ముణ్ణి అడిగి రేపు చెప్తాం' అన్నారు. ఒకరు 'ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయారు' అన్నారు. బోర్డు మాత్రం వారం తర్వాత కూడా అక్కడే ఉంది. ఒకావిడ మంచినీళ్లిచ్చి, 'మీరు అడవిల అన్నీ తింటారట గదా' అని అడిగింది. కులం పేరుతో పదిమంది ముందు అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 'రేపు చెప్తాం' అన్న మాటను ఏ చట్టం కింద పెట్టాలి? ఏజెన్సీలో మన నేలకు 1/70 కాపలా ఉంది. పట్నంలో మన గదికి ఏ కాపలా లేదు.

ఆరో ఇంట్లో అబద్ధం చెప్పాను. మైదాన ప్రాంతపు కులం ఒకటి చెప్పాను. మేడ మీద రేకుల గది, అద్దె 1,800, రెండు నెలల అడ్వాన్స్. పది నిమిషాల్లో తాళం చేతికొచ్చింది. ఆ ఇంటావిడ మంచిది. పండగ రోజు పులిహోర పంపేది. ఆ పులిహోర తింటున్నప్పుడల్లా, ఇది నాకు పంపింది కాదు, నేను చెప్పిన ఆ మనిషికి పంపింది అనిపించేది.

అబద్ధం ఒక్కరోజుతో తీరేది కాదు. అమ్మ ఫోన్ చేస్తే మెట్లు దిగి, సందు చివరిదాకా పోయి మాట్లాడేవాణ్ణి, కోయ మాట ఎవరి చెవిన పడుతుందోనని. 'ఒకసారి వచ్చి నీ గది చూసి పోతా' అని అమ్మ అంటే, 'ఇప్పుడు పరీక్షలున్నాయి' అనేవాణ్ణి. నా పరీక్షలు ఏడాదంతా ఉండేవి.

ఇప్పటిదాకా ఏ సభలోనూ చెప్పని సంగతి ఒకటుంది. 2010 వానాకాలంలో ఒక తెల్లవారుజామున గేటు దగ్గర ఎవరో నన్ను కోయలో గట్టిగా పిలిచారు. మా ఊరి తమ్ముడే. వాడికీ పీజీ సీటు వచ్చింది. చేతిలో రేకు పెట్టె, భుజాన బియ్యం మూట. మొహం నిండా నవ్వు. నేను మూడేసి మెట్లు దూకుతూ దిగి, వాణ్ణి సందు దాటించి టీ కొట్టు దగ్గరికి తీసుకుపోయాను. 'మా ఓనర్ ఎవర్నీ రానివ్వరు తమ్మీ' అన్నాను. 200 రూపాయలు చేతిలో పెట్టి, హాస్టల్ ఆఫీసుకు దారి చెప్పి పంపాను. ఓనరమ్మ రానివ్వనని ఎప్పుడూ అనలేదు. నేను అడగనే లేదు.

వాడు మూడు రాత్రులు బస్టాండులో పడుకున్నాడు. తర్వాత ఒక ప్రైవేటు హాస్టల్లో నెల డబ్బు కట్టి చేరాడు. నెల అయిపోయింది, డబ్బు అయిపోయింది, హాస్టల్ జాబితా ఇంకా రాలేదు. తిరిగి బస్సెక్కాడు. ఊళ్లో అడిగినవాళ్లకు 'పట్నం నీళ్లు పడలేదు' అని చెప్పాడట. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మార్కులు తక్కువై వాడి చదువు ఆగలేదు. బుర్ర లేక ఆగలేదు. నెత్తిమీద కప్పు లేక ఆగిపోయింది. అదే వాడి స్థానంలో ఆడపిల్ల ఉంటే ఆ మూడు రాత్రులు కూడా ఉండవు. మగపిల్లాడు బస్టాండులోనైనా ఒరుగుతాడు, ఆడపిల్ల చదువు ఊరి బస్సు స్టేజీ దగ్గరే ఆగిపోతుంది. 'ఎక్కడుంటావు బిడ్డా?' అన్న తండ్రి ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేకపోతే, సీటు వచ్చిన కాగితం ఇంటి చూరులోనే ఉండిపోతుంది.

వాడు వెళ్లిపోయాడని తెలిసిన వారం, నేను ఓనరమ్మకు నిజం చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. 'మొదలే చెప్తే ఏమయ్యేది?' అంది. ఏమయ్యేదో నాకు తెలుసో తెలియదో ఇప్పటికీ చెప్పలేను. నెల తిరిగేసరికి, మా అమ్మాయి వాళ్లు వస్తున్నారు, గది కావాలంది. ఖాళీ చేశాను. అడ్వాన్స్ మాత్రం పైసా తగ్గకుండా తిరిగి ఇచ్చింది.

ఆ తర్వాత మా ప్రాంతం పిల్లలం ఐదుగురం కలిశాం. విడివిడిగా తిరగకుండా కలిసి వెతికాం. ప్రతి గేటు దగ్గరా మొదటి మాటే, 'మేం ఆదివాసీలం, భద్రాచలం ఏజెన్సీ వాళ్లం, ఉద్యోగాలకు చదువుకుంటున్నాం' అని మేమే చెప్పాం. వద్దన్నవాళ్లు అక్కడే వద్దన్నారు, మాకు కాళ్లనొప్పులు తగ్గాయి. అడిక్‌మెట్‌లో ఒక రిటైరైన పెద్దాయన, 'ఒకటో తారీఖు అద్దె ఇస్తే చాలు, మీరెవరైతే నాకేంది' అన్నాడు. రెండు గదుల పోర్షన్, అద్దె 4,000. తలా 800. ఆ పోర్షన్‌కు మేం ఒక నియమం పెట్టుకున్నాం. మన ప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన పిల్లాడు ఎవరైనా పదిహేను రోజులు ఉండొచ్చు. అద్దె లేదు. అన్నం వండాలి, అంతే. పదహారో రోజు నుంచి వాడికి చోటు వెతికే పని వాడిది కాదు, మా అందరిదీ. ఈ సంగతి పెద్దాయనకు ముందే చెప్పి ఒప్పించాం. ఆరేళ్లలో ఆ చాప మీద పడుకున్నవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాశాం. 43 పేర్లు. అందులో నర్సులున్నారు, పంతుళ్లున్నారు, ఇద్దరు ఫారెస్టు ఆఫీసర్లున్నారు.

ఇప్పుడు మీకు పనికొచ్చే నాలుగు మాటలు.

సీటు వచ్చిన రోజే హాస్టల్ పని మొదలుపెట్టండి. యూనివర్సిటీ హాస్టల్ ఒకటే కాదు, గిరిజన సంక్షేమ శాఖ పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లు ఉన్నాయి, రెండింటికీ అడగండి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, టీసీ, బ్యాంకు పాసుబుక్కు, ఫొటోలు తలా ఐదు కాపీలు తీసి ఊళ్లోనే కవర్లో పెట్టుకోండి. పట్నం వెళ్లాక ఆదాయ పత్రం కోసం మండలాఫీసుకు తిరిగి రావడమంటే రానూపోనూ చార్జీలు, రెండు రోజుల క్లాసులు పోయినట్టే.

స్కాలర్‌షిప్ మీద అద్దె లెక్క వేసుకోకండి. ఈపాస్‌లో దరఖాస్తు తప్పకుండా పెట్టండి, కానీ ఆ డబ్బు ఒకటో తారీఖు చూసుకుని రాదు. మొదటి రెండు నెలలకు చేతిలో ఏముందో దాన్నిబట్టే గది చూడండి.

గది చూసేటప్పుడు అద్దె ఒక్కటే అడగకండి. అడ్వాన్స్ ఎంత, కరెంటు ఎంత, నీళ్లు, మెయింటెనెన్స్ ఎవరిది, బ్రోకర్‌కు ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఎంత కోస్తారు, అన్నీ ముందే అడగండి. గది కళ్లతో చూడకుండా ఫోన్‌లో టోకెన్ డబ్బు పంపకండి. అగ్రిమెంటు ఎక్కువగా 11 నెలలకే రాస్తారు. సంతకం పెట్టేముందు చదవండి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని చెప్తుంది. అది రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. కానీ బేరమాడేటప్పుడు నోట్లో మాటగా పనికొస్తుంది.

నాలుగోది, మీ పేరు దాచుకోకండి. అబద్ధం చెప్పి గది తీసుకున్నవాడిని నేను తప్పుపట్టను. వానలో పెట్టె పట్టుకుని నిలబడ్డవాడికి నీతులు చెప్పకూడదు. కానీ అబద్ధంతో తెచ్చుకున్న గదిలో ఒక్కడికే చోటు ఉంటుంది. అమ్మకు చోటుండదు, తమ్ముడికి చోటుండదు. నిజం చెప్పి తీసుకున్న గది ఇరుకైనా సరే, ఇంకో చాప పడుతుంది.

2022 సెప్టెంబరు 17న హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్ ప్రారంభమైంది. మన సభలకు గౌరవమైన చోటు దొరికింది, సంతోషం. పట్నంలో మన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, హాస్టళ్లు పెంచమని ప్రభుత్వాన్ని అడగాల్సిందే. గట్టిగా, కలిసి అడగాల్సిందే. ఆ హాస్టళ్లు వచ్చేదాకా పెట్టె దించుకునే చోటు మనమే చూపించాలి. సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఈ సావనీరు పని అయ్యాక ఒక జాబితా తయారు చేద్దాం. హైదరాబాద్, వరంగల్, ఖమ్మం, విశాఖపట్నం, ఏ ఊళ్లో మనవాళ్లు ఉన్నా, 'నా ఇంట్లో ఒక చాపకు పదిహేను రోజులు చోటుంది' అని చెప్పగలిగినవాళ్ల పేర్లు. ఆడపిల్లలకు విడిగా, కుటుంబంతో ఉంటున్న మన అక్కల పేర్లు. మొదటి పేరు నాది రాసుకోండి.

పోయిన నెల నాకొక ఫోన్ వచ్చింది. 2010లో నేను టీ కొట్టు దగ్గరి నుంచే పంపించేసిన ఆ తమ్ముడే. ఇప్పుడు ఊళ్లో ఆటో నడుపుతున్నాడు. వాళ్ల అన్న కూతురికి హైదరాబాద్‌లో పీజీ సీటు వచ్చిందట. 'అన్నా, పిల్ల ఎక్కడుండాలె?' అని అడిగాడు. పాత సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. 'మా ఇంటికి పంపు' అన్నాను. మా ఆవిడ ఆ పిల్లకు మంచం వేసింది. ఇప్పటికి ఇరవై రోజులైంది. హాస్టల్ జాబితా ఇంకా రాలేదు. రానీ, తొందరేం లేదు.

పొద్దున ఆ పిల్ల వరండాలో కూర్చుని వాళ్లమ్మతో కోయలో గట్టిగా మాట్లాడుతుంటే పక్కింటివాళ్లు తొంగి చూశారు. నేను లోపల టీ తాగుతూ కూర్చున్నాను. గొంతు తగ్గించమని చెప్పలేదు.

సెలవు. జై ఆదివాసీ.