ఇల్లు అమ్మేవాడు చెప్పవలసిన మాట

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఇల్లు అమ్మడం గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు నవ్వి, "రిటైరయ్యాక రియల్ ఎస్టేటు మొదలుపెట్టారా?" అన్నారు. అదేమీ లేదు. మనలో చాలామందికి జీవితమంతా కూడబెట్టిన ఆస్తి ఒక్క ఇల్లే. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడ్డారు. మోకాళ్ల నొప్పులతో మేడ మెట్లు ఎక్కలేకపోతున్నాం. ఏదో ఒకనాడు ఆ ఇల్లు అమ్మేది మనమో, మన తరువాత మన పిల్లలో. కొనేవాడు కూడా తరచు మనలాంటివాడే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బులన్నీ మూటగట్టి తెచ్చి మన చేతిలో పోస్తాడు. కనుక ఇది మన విషయమే.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 2011లో విజయవాడలో మా పాత ఇల్లు అమ్మాను. పడమటి గది వెనుక గోడకు ఏటా శ్రావణం వచ్చేసరికి చెమ్మ ఎక్కేది. నడుమెత్తు వరకూ సున్నం పెళ్లలుగా రాలేది. రెండుసార్లు సిమెంటు పూయించినా తగ్గలేదు. సంక్రాంతి వెళ్లాక గోడ బాగా ఎండింది. మేస్త్రీని పిలిచి లప్పం పెట్టించి, రంగు వేయించాను. మాఘమాసంలో ఒక రిటైర్డు మాస్టారు వచ్చి చూశారు. "గోడలు బాగున్నాయండీ" అన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. కాఫీ తాగమన్నాను. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

ఆ శ్రావణంలో ఆయన నేనుండే అద్దె ఇల్లు వెదుక్కుంటూ వచ్చారు. పోట్లాటకు రాలేదు. కుర్చీలో కూర్చుని ఒక్కటే అన్నారు. "అన్నగారూ, ఒక్క మాట ముందే చెప్పి ఉంటే మా అమ్మను ఆ గదిలో పడుకోబెట్టేవాణ్ణి కాదు." ఆవిడకు ఉబ్బసం. ఆ వానాకాలంలో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. గోడకు అయిన ఖర్చు తరువాత నేనే ఇచ్చాను. ఆయన తీసుకున్నారు. కానీ మళ్లీ మా గడప తొక్కలేదు.

మహాశయులారా, నేను ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. చట్టం తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు. మన ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అందులో 55వ సెక్షను అమ్మేవాడి బాధ్యతలు చెబుతుంది. ఆస్తిలో గాని, తన హక్కులో గాని ముఖ్యమైన లోపం ఉండి, అది తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడికి కనపడనిదైతే, దానిని అమ్మేవాడు చెప్పి తీరాలి. వేరే విధంగా ఒప్పందం ఉంటే తప్ప ఇదే నియమం. చెప్పకపోవడం మోసమేనని ఆ సెక్షను చివర స్పష్టంగా రాసి ఉంది. నేను వేయించిన రంగుకు చట్టంలో పేరు అది.

మరి నూట నలభై ఏళ్ల నుంచి ఈ చట్టం ఉండగా ఎవరూ ఎందుకు చెప్పరు? మనం ఆఫీసులో నేర్చుకున్న సంగతే. ప్రొఫార్మాలో కాలమ్ లేని విషయం ఫైలులోకి రాదు. మన సేల్ డీడులో సరిహద్దులు ఉంటాయి, విస్తీర్ణం ఉంటుంది, ఏ తాకట్టులూ లేవనే హామీ ఉంటుంది. చెమ్మ అనే కాలమ్ లేదు. ఈసీ తీస్తే రిజిస్టరైన లావాదేవీలు కనబడతాయి. బోరులో నీళ్లు ఏ నెలలో అడుగంటుతాయో ఈసీలో ఉండదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కట్టడంలో లోపం ఉంటే, స్వాధీనం ఇచ్చిన అయిదేళ్ల లోపు బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. మంచిదే. కానీ పాత ఇల్లు అమ్ముకునే మనబోటివారికి అది వర్తించదు. చెప్పమన్న చట్టం ఉంది గాని, ఎక్కడ రాసి ఇవ్వాలో ఆ కాగితం లేదు.

ఆ కాగితాన్ని నేను 2019లో చూశాను. మా అమ్మాయి స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ఉంటుంది. మేము అక్కడ ఉన్న నెలల్లోనే తన ఫ్లాటు అమ్మకానికి పెట్టింది. అక్కడ 2008 డిసెంబరు 1 నుంచి, పాత ఇల్లు అమ్మదలచినవారు హోమ్ రిపోర్టు అనే నివేదిక తయారు చేయించకుండా అమ్మకానికి పెట్టకూడదు. ఖర్చు అమ్మేవాడిదే. బేరం మొదలుపెట్టే నాటికి అది పన్నెండు వారాల కంటే పాతదై ఉండకూడదు.

అందులో మూడు భాగాలు. మొదటిది సర్వేయరు వచ్చి చూసి రాసే నివేదిక. కట్టడం కదిలిందా, చెమ్మ ఉందా, పైకప్పు ఎలా ఉంది, వాననీటి గొట్టాలు ఎలా ఉన్నాయి అని ఒక్కొక్క అంశానికీ 1, 2, 3 అని తరగతి వేస్తాడు. 1 అంటే ఇప్పుడు చేయవలసింది లేదు. 2 అంటే ముందు ముందు మరమ్మతు కావాలి. 3 అంటే వెంటనే చేయించాలి. ఇంటి విలువ కూడా అందులోనే వేస్తాడు. రెండవది ఎనర్జీ రిపోర్టు. మూడవది అమ్మేవాడు స్వయంగా నింపవలసిన ప్రశ్నావళి.

మా అమ్మాయి ఫ్లాటు పైకప్పుకు రెండవ తరగతి వేశారు. నాలోని పాత మనిషి ఊరుకోలేదు. "ఆ మాట కాస్త తేలిగ్గా రాయమని అడగలేకపోయావా?" అన్నాను. "నాన్నా, డబ్బు నేనిచ్చినా ఆయన నా మనిషి కాదు. కొనేవాళ్లు కూడా ఆ కాగితాన్నే నమ్ముతారు. తప్పు రాస్తే వాళ్లకు కూడా ఆయనే జవాబు చెప్పుకోవాలి" అంది. తరువాత ప్రశ్నావళి తీసి నాకు చదివి వినిపించింది. ఇంటికి వరద వల్ల గాని, నిప్పు వల్ల గాని నష్టం జరిగిందా? మార్పులు చేయించారా? అనుమతి ఉందా? చెమ్మకు, చెక్క కుళ్లుకు ఎప్పుడైనా వైద్యం చేయించారా? ఆ ప్రశ్న దగ్గర నేను లేచి వరండాలోకి వెళ్లాను. ఎందుకో అమ్మాయికి ఆనాడు చెప్పలేదు. ఆ ప్రశ్న అచ్చులో నా ముందు ఉండి ఉంటే, "లేదు" అని రాసి సంతకం చేసే ధైర్యం 2011లో నాకు ఉండేది కాదు. ప్రశ్న అడిగేవాడు లేడు కనుకనే మౌనంగా ఉండగలిగాను.

ఇలాంటి కాగితం పెడితే చాలు, అంతా బాగుపడుతుందని కూడా అనుకోకూడదు. పక్కనే ఉన్న ఇంగ్లండు, వేల్సుల అనుభవం వేరు. అక్కడ 2004 నాటి హౌసింగ్ చట్టం కింద హోమ్ ఇన్ఫర్మేషన్ ప్యాక్ అని తెచ్చారు. 2007 ఆగస్టు 1న నాలుగు, అంతకు మించి పడకగదులున్న ఇళ్లతో మొదలుపెట్టి, ఆ ఏడాది డిసెంబరుకు అన్ని ఇళ్లకూ వర్తింపజేశారు. మొదటి ఆలోచనలో ఇంటి స్థితి నివేదిక అందులో తప్పనిసరి. కానీ అమలుకు ఏడాది ముందే, 2006 జూలైలో, దానిని ఐచ్ఛికం చేసేశారు. ఇక మిగిలినవి హక్కు పత్రాలు, స్థానిక సంస్థల రికార్డుల నకళ్లు, ఎనర్జీ సర్టిఫికెట్ వగైరా. వీటిలో చాలావరకు లాయరు ఎలాగూ తెప్పించేవే. అమ్మేవాడికి ఖర్చు, కొనేవాడికి కావలసిన సమాధానం లేదు. 2010 మే నెలలో కొత్త ప్రభుత్వం రాగానే ఆ ప్యాక్‌ను నిలిపివేసింది. 2011లో చట్టం నుంచే తీసేశారు. ఒక్క ఎనర్జీ సర్టిఫికెట్ మాత్రం అక్కడ నిలిచింది.

ఈ రెండింటి తేడా మనం గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లండులో ఎన్‌క్లోజర్లు ఉంచి అసలు నోటు తీసేశారు. స్కాట్లండులో అసలు నోటు ఉంచారు. ఇంటి స్థితి చెప్పే కాగితమే ఉపయోగపడుతుంది. స్కాట్లండు పద్ధతిలోనూ లోపాలున్నాయి. సర్వేయరు కంటికి కనపడినంత వరకే చూస్తాడు, నేల పలకలు ఊడదీసి చూడడు. అయినా పదిమంది కొనవస్తే పదిమందీ విడివిడిగా సర్వేకు డబ్బు పోసే బాధ తప్పింది.

ఇక ఎనర్జీ సర్టిఫికెట్ సంగతి. మన ఫ్రిజ్‌ల మీద, ఏ.సి.ల మీద నక్షత్రాల చీటీ చూస్తుంటాం. అలాంటి చీటీ ఇంటికే వేస్తే ఎలా ఉంటుందో అది అలా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి జి వరకు. ఏ అయితే ఖర్చు తక్కువ, జి అయితే ఎక్కువ. పదేళ్లు చెల్లుతుంది. ఏమేం చేయిస్తే మెట్టు పెరుగుతుందో కూడా రాస్తారు. ఇది కరెంటు బిల్లులు చూసి వేసేది కాదు. గోడలు, పైకప్పు, కిటికీలు, వేడి చేసే యంత్రం చూసి లెక్క కడతారు. కాపురం ఉన్నవాడు పొదుపరి అయినా దుబారా మనిషి అయినా ఇంటి మెట్టు మారదు.

అక్కడ చలి, ఇక్కడ ఎండ. పై అంతస్తు ఫ్లాటు కొన్న పెన్షనరును అడగండి, రోహిణి కార్తెలో రాత్రి పదకొండు గంటలకు కూడా స్లాబు కింద పడుకోలేమంటారు. అది కొనేముందు ఎవరూ చెప్పరు. మన దేశంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో నివాస గృహాలకు ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ఇవి మంచి అడుగులు. అయితే పాత ఇల్లు చేతులు మారేటప్పుడు తప్పనిసరిగా చూపవలసిన కాగితంగా ఇవి మన ముందుకు రాలేదు.

చట్టం వచ్చేదాకా మనం ఆగనక్కరలేదు. నా మనవి ఇది. ఇల్లున్న ప్రతి సభ్యుడూ ఒక ఫైలు పెట్టుకోవాలి. అందులో అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ, మంజూరైన ప్లాను, ఇంటి పన్ను, నీటి పన్ను రసీదులు ఉంచాలి. పన్నెండు నెలల కరెంటు బిల్లులు వరుసగా కుట్టాలి. ఎంతమంది ఉన్నారో, ఎన్ని ఏ.సి.లు వాడారో పక్కన రాయాలి. ఆ వివరం లేకపోతే బిల్లు చెప్పేది మన అలవాట్ల సంగతే గాని ఇంటి సంగతి కాదు.

వీటన్నిటి పైన ఒక్క పేజీ కాగితం. చెమ్మ ఎక్కడ, ఏ నెలలో? పగుళ్లు ఉన్నాయా? చెదలు పట్టాయా? బోరు ఎన్ని అడుగులు, వేసవిలో నీళ్లు ఉంటాయా? వానకు వీధి నీరు లోపలికి వస్తుందా? ప్లానుకు మించి కట్టింది ఏమైనా ఉందా? పై అంతస్తయితే ఎండకు ఏం చేయించారు? ఎదురుగా జవాబు, కింద తేదీ, సంతకం. రెండు ప్రతులు. ఒకటి కొనేవారికి ఇచ్చి, రెండవదాని మీద అందినట్లు సంతకం తీసుకోవాలి. దీని నమూనా సంఘం ద్వారా అచ్చు వేయించి సభ్యులకు పంచాలని కోరుతున్నాను. ఇల్లు పిల్లలకే పోయినా ఆ పేజీ వారికి ఉపయోగం. ఏ గోడలో ఏ పైపు ఉందో మన తరువాత వారికి చెప్పేవారు ఉండరు.

"ఇలా రాసి ఇస్తే ధర తగ్గదా?" అని అడుగుతారు. తగ్గవచ్చు. ఆ తగ్గేది మనది కాని డబ్బు. నేను కూడా ఆ ధర పుచ్చుకున్నాను. తరువాత గోడ ఖర్చు కింద తిరిగి ఇచ్చాను. డబ్బు లెక్క సరిపోయింది. లోపం రాసి ఇచ్చి అమ్మినవాడికి మాత్రం శ్రావణంలో తలుపు చప్పుడైతే గుండె దడ ఉండదు. మీకు తెలిసి ఇచ్చామని చెప్పే సంతకం మన దగ్గర ఉంటుంది.

ఆ మాస్టారు గారి తల్లి రెండేళ్ల తరువాత పోయారు. వయసు మీద పడి పోయారని ఆయన బంధువులు చెప్పారు. కావచ్చు. కానీ ఆ రెండు వానాకాలాల లెక్క నేను ఎక్కడ రాసుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు. మీలో ఎవరికీ ఆ అవస్థ రాకూడదనే ఇంత వయసులో ఇంతమంది ముందు ఈ సంగతి చెప్పాను.