మన్రో చిత్రాల్లో కనిపించని కలెక్టరు

1800లో నిజాం ఈస్టిండియా కుంపిణీకి అప్పగించిన దత్తమండలాలకు, అంటే కడప, బళ్లారి సీమలకు, థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, ఊరూరా గుడారాలు వేయించి, ప్రభుత్వం రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకొనే రైత్వారీ పద్ధతిని స్థిరపరిచారు. అయితే 1819 ప్రాంతంలో లండన్ చిత్రకారుడు మార్టిన్ ఆర్చర్ షీ చిత్రించినది ఈ కలెక్టరును కాదు, మద్రాసు గవర్నరు కాబోతున్న సేనానిని. సైనిక దుస్తుల్లోని ఆ రూపమే నేటికీ అందరికీ తెలిసిన మన్రో. రైతుల మన్రో మాత్రం కుంచెకు ఎక్కలేదు, జనం నోట నిలిచారు. పాపాఘ్ని నది ఒరుసుకొని పారే గండిలో, కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటపడిందని, అది కనిపించినవారికి అంత్యకాలం సమీపించినట్లేనని పులివెందుల ప్రాంతంలో చెప్పుకొంటారు. మన్రో 1827లో, దత్తమండలాల పర్యటనలోనే, పత్తికొండలో కలరాతో మరణించారు.