సంతానలేమి – కారణ విచారణ

(దొరవారిసత్రమున మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యార్థి వేతనములు, వసతిగృహములు, వివాహవ్యయములు మున్నగు విషయములు మన సభలలో ఏటేట చర్చింపబడుచున్నవి. నేడు మేము చెప్పబూనిన విషయము సభలయందు వినబడునది కాదు. వంటయిండ్లలో గుసగుసలుగ మాత్రమే వినబడునది. సంతానము కలుగని స్త్రీని గూర్చిన మాట యది. పెండ్లియై రెండేండ్లు గడచిన కోడలిని సీమంతమునకు పిలువక, పేరంటమున వెనుకకు నెట్టి, తుదకు కుమారునకు మాఱుమనువు తలపెట్టు పెద్దలు మనలో నింకను గలరు. ఆ నింద న్యాయమా యని విచారించుటయే మా యుద్దేశము.

సుశ్రుతసంహిత శారీరస్థానమున గర్భోత్పత్తికి నాలుగు వస్తువులు చెప్పబడినవి: ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము. అదను, పొలము, నీరు, విత్తనము కుదిరిననే మొలక పుట్టునట్లు, ఈ నాలుగును కూడిననే గర్భము నిలుచును. వరి పండించు మనకు ఈ యుపమానమును విప్పి చెప్పనక్కఱలేదు. జ్ఞాపకముంచుకొనుటకు వీలుగ, నేటి వైద్యులు కనుగొనిన కారణములను ఈ నాలుగింటి క్రిందనే చెప్పుదుము.

మొదటిది ఋతువు. సాధారణముగ రాబోవు ముట్టునకు సుమారు 14 దినములు ముందు అండాశయమునుండి యొక అండము వెలువడును. అది జీవించునది యొక్కదినమే. అండము వెలువడకున్నచో గర్భమునకు తావులేదు. దీనికి మిక్కిలి సాధారణమైన హేతువు పీ.సీ.ఓ.ఎస్. అను వ్యాధి, జనులు దీనిని "నీటిబుడగలు" అందురు. ముట్లు దూరదూరముగ వచ్చుట, దేహము లావెక్కుట, మోమున రోమములు మొలచుట దీని గుర్తులు. స్థూలకాయులు తమ బరువులో నూటికి 5 మొదలు 10 పాళ్లు తగ్గించుకొన్నచో ననేకులకు క్రమము చక్కబడును; అండము వెలువడుటకు మాత్రలును గలవు. వయస్సును ఇందు చేరినదే. ఆడుశిశువు తన అండములన్నింటితోడనే పుట్టును. అవి నానాటికి తఱుగుచు, 35 ఏండ్లు దాటిన పిదప వేగముగ క్షీణించును. 2019లో గుంటూరున డెబ్బదియేండ్లు దాటిన యొక వృద్ధ కవలలను గన్నదని విని, వయస్సుతో పనిలేదనుకొనువారు గలరు. ఆ యండము వేఱొక స్త్రీ యిచ్చినది. 2021 నాటి చట్టము ఇట్టి చికిత్సకు స్త్రీకి 50, పురుషునకు 55 ఏండ్లు మేరగ విధించినది.

రెండవది క్షేత్రము. అండమును గర్భాశయమునకు జేర్చు నాళములు మూసికొనిపోవచ్చును. సుఖవ్యాధులు, ప్రసవమునందో గర్భస్రావమునందో సోకిన క్రిములు, మన దేశమున క్షయయు, దీనికి మూలములు. గర్భాశయమును పట్టిన క్షయ దగ్గు లేకయే లోలోన చెఱుపు చేయును. గర్భాశయపు లోపొరవంటి పొర వెలుపల పెరుగుటను ఎండోమెట్రియోసిస్ అందురు. ముట్టునందు భరింపరాని నొప్పి దీని లక్షణము. ఆడుదానికి నొప్పి సహజమని తల్లులు దీనిని త్రోసివేయరాదు. గర్భసంచి లోపలికి పెరిగిన గడ్డలును పిండమును నిలువనీయవు.

మూడవది అంబువు. దేహమును పోషించు రసములలో థైరాయిడు తగ్గినను, ప్రొలాక్టిన్ హెచ్చినను ఋతుక్రమము చెడును. రక్తపరీక్షచే ఇవి తెలియును. పెక్కింటికి మాత్రలే చాలును.

నాలుగవది బీజము. ఇచ్చటనే మన యన్యాయము బయటపడుచున్నది. సంతానములేని దంపతులలో సుమారు సగముమందియందు పురుషుని లోపము ఒంటిగనో, భార్య లోపముతో గూడియో కానవచ్చును. వీర్యపరీక్ష అన్నింటికంటె సులభమైనది, వ్యయము తక్కువైనది; అయినను మన యిండ్లలో అన్నింటికంటె చివర చేయించునది యదియే. పొగాకు, మద్యము బీజమును చెఱచును. కొందఱు దంపతులయందు ఎంత వెదకినను కారణము దొరకదు. అప్పుడు నిందకు మఱింత తావులేదు.

నెల్లూరు స్వర్ణాల చెరువుకడ బారాషహీదు దర్గాయొద్ద మొహర్రం మాసమున జరుగు రొట్టెల పండుగకు, సంతానపు రొట్టెకై మతభేదము లేక జనులు పోవుచున్నారు. ఆ విశ్వాసమును మేము గర్హింపము. చెరువుకడకు దంపతులు జంటగ పోవుటను చూచుచున్నాము. వైద్యుని గడప మాత్రము భార్య యొంటిగ నేల యెక్కవలెను?

కావున మా విన్నపములు ఇవి. కాపురమునకు వచ్చిన యేడాదికిని, భార్యకు 35 ఏండ్లు దాటినచో ఆఱుమాసములకే, గర్భము నిలువనియెడల దంపతులిద్దఱును ఒక్కదినముననే పరీక్షకు పోవలెను. మన దొరవారిసత్రమున రైలెక్కినచో ఉత్తరమున నెల్లూరును, దక్షిణమున చెన్నపట్టణమును గలవు. నాటుమందులవారి యొద్ద ఏండ్లు గడపరాదు. బీదల తొలి పరీక్షలకు సంఘనిధినుండి కొంత సొమ్ము కేటాయింపవలెను. భార్య యుండగా మఱియొక వివాహము 1955 నాటి హిందూ వివాహచట్టముచే నేరము. పెద్దలు దానికి పురోహితులు కారాదు. చికిత్స ఫలింపనివారికి దత్తత గలదు. 1956 చట్టము ననుసరించి కుమార్తెను గూడ దత్తత గొనవచ్చును.

తుదిమాట సోదరీమణులకు. రాబోవు సీమంతమునందు బిడ్డలులేని ముత్తైదువను పిలిచి, ఆమె చేతనే గాజులు తొడిగింపుడు.

స్వస్తి.