స్ప్రింగ్ బూట్ తెలుగులో, ఎపిసోడ్ 1: ఆ ఆబ్జెక్ట్‌ని ఎవరు తయారు చేశారు?

ఈ ఎపిసోడ్ నుంచి మనం స్ప్రింగ్ బూట్ మొదలుపెడుతున్నాం. జావాలో క్లాస్, ఆబ్జెక్ట్, ఇంటర్‌ఫేస్, ఈ మూడూ తెలిస్తే చాలు, ఈరోజు టాపిక్ అర్థమైపోతుంది. మీలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి స్క్రీన్ నిండా కోడ్ పెట్టట్లేదు. లోపల ఏం జరుగుతుందో అర్థమైతే కోడ్ మీరే రాసుకుంటారు.

నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఫ్రెషర్స్‌కి ఇంటర్వ్యూలు తీసుకునేవాణ్ణి. ఆటోవైర్డ్ అంటే ఏంటి అని అడిగితే టక్కున డెఫినిషన్ చెప్పేవాళ్లు. "సరే, మీ క్లాస్‌లో ఎక్కడా న్యూ అని రాయలేదు కదా, మరి ఆ ఆబ్జెక్ట్ ఎక్కడినుంచి వచ్చింది?" అంటే మాత్రం సైలెంట్. తెలివి లేక కాదు. మనకి నేర్పేటప్పుడే యానోటేషన్లు ఎక్కాల్లాగా బట్టీ పట్టిస్తారు. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే. ఇది ఇంటర్వ్యూ కోసం మాత్రమే కాదు. ఇది తెలియకుండా కోడ్ రాస్తే యూజర్ డబ్బులు మాయమయ్యే బగ్ వస్తుంది, అదెలాగో కూడా చూద్దాం.

ముందు ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్ అంటే ఏంటి? కాలేజీ ఫీజు కట్టే సిస్టమ్, ఇన్సూరెన్స్ క్లెయిమ్, బ్యాంక్ లోన్, ఇలాంటివి. వీటిలో అసలు లాజిక్ కొంచెమే ఉంటుంది. మిగతాదంతా చుట్టూ ఉండే పని: డేటాబేస్ కనెక్షన్, లాగిన్, ఎవరికి ఏ పర్మిషన్, లాగ్స్, మధ్యలో ఫెయిల్ అయితే వెనక్కి తీసుకోవడం. ప్రతి కంపెనీలో ఈ పని ఒకేలా ఉంటుంది. దాన్ని మళ్లీ మళ్లీ రాయకుండా చూసుకునేదే ఫ్రేమ్‌వర్క్.

స్ప్రింగ్ ఎలా పుట్టిందో ఒక్క నిమిషంలో చెప్తా. 2000 ప్రాంతంలో జావాలో ఇలాంటి అప్లికేషన్ అంటే ఈజేబీ. ఒక చిన్న పనికి కూడా రెండు మూడు ఇంటర్‌ఫేస్‌లు, ఒక క్లాస్, పైన ఎక్స్‌ఎంఎల్ ఫైల్ రాయాలి. రాసిందాన్ని టెస్ట్ చేయాలంటే పెద్ద సర్వర్ స్టార్ట్ చేయాలి. 2002లో రాడ్ జాన్సన్ అనే ఆయన, దీన్ని ఇంత కష్టపడకుండా చేయొచ్చు అని ఒక పుస్తకం రాశాడు, దాంతోపాటు దాదాపు 30,000 లైన్ల కోడ్ ఇచ్చాడు. అది చదివిన యూర్గెన్ హోలర్, యాన్ కారోఫ్ అనే ఇద్దరు డెవలపర్లు దీన్ని ఓపెన్ సోర్స్ చేద్దాం అన్నారు. పాత పద్ధతి చలికాలం అయితే ఇది వసంతం అని స్ప్రింగ్ అనే పేరు పెట్టారు. 2004 మార్చిలో 1.0 వచ్చింది. హిస్టరీ ఇంతవరకు చాలు.

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. మన ఊళ్లల్లో పెళ్లి వంట ఎలా జరుగుతుంది? వంట మాస్టర్ ముందు ఒక లిస్ట్ రాసిస్తాడు. బియ్యం ఇంత, నూనె ఇంత, కందిపప్పు ఇంత. సామాన్లు తెచ్చిపెట్టేది పెళ్లివాళ్లు. మాస్టర్ మార్కెట్‌కి వెళ్లడు. నూనె ఏ షాపులో కొన్నారో ఆయనకి అనవసరం. చేతికి వచ్చిందా, వండాడా, అంతే.

మీ క్లాస్ ఆ వంట మాస్టర్. కన్‌స్ట్రక్టర్‌లో మీరు రాసే పారామీటర్లే ఆ లిస్ట్. ఉదాహరణకి పేమెంట్ సర్వీస్ అనే క్లాస్ ఉంది. దానికి అకౌంట్ రిపాజిటరీ కావాలి. లోపల మీరు న్యూ అని రాస్తే, మాస్టర్ వంట వదిలేసి మార్కెట్‌కి పోయినట్టు. కన్‌స్ట్రక్టర్‌లో అడిగితే స్ప్రింగే తయారు చేసి తెచ్చి ఇస్తుంది. దీన్నే డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. తెచ్చిపెట్టే పెళ్లివాళ్లు ఎవరు? కంటైనర్. అది తయారు చేసి చూసుకునే ఆబ్జెక్ట్ పేరే బీన్.

దీనివల్ల లాభం ఏంటంటే, టెస్ట్ చేసేటప్పుడు అసలు డేటాబేస్ బదులు ఒక డూప్లికేట్ రిపాజిటరీ ఇవ్వొచ్చు. పేమెంట్ సర్వీస్‌లో ఒక్క లైన్ మార్చక్కర్లేదు. అందుకే ఫీల్డ్ మీద ఆటోవైర్డ్ పెట్టే కంటే కన్‌స్ట్రక్టర్‌లో అడగడం మంచిది. కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే ఆటోవైర్డ్ రాయాల్సిన అవసరమే లేదు.

మరి స్ప్రింగ్ బూట్ ఏంటి? స్ప్రింగ్‌లో కూడా కొన్నాళ్లకి ఎక్స్‌ఎంఎల్ కొండలా పెరిగింది. 2014 ఏప్రిల్‌లో వచ్చిన బూట్ ఆ సెటప్ పని తీసేసింది. ప్రాజెక్ట్‌లో ఏ లైబ్రరీలు ఉన్నాయో చూసి కాన్ఫిగరేషన్ తనే చేసుకుంటుంది. వెబ్ స్టార్టర్ పెడితే టామ్‌క్యాట్ సర్వర్ లోపలే వస్తుంది. మెయిన్ మెథడ్ రన్ చేస్తే 8080 పోర్ట్‌లో అప్లికేషన్ లేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్ప్రింగ్ బూట్ 3 వెర్షన్ 2022 నవంబర్‌లో వచ్చింది. దానికి కనీసం జావా 17 కావాలి. చాలా ఇంపోర్ట్‌లలో జావాఎక్స్ అని ఉన్నచోట జకార్తా అయింది. పాత ట్యుటోరియల్ కోడ్ కాపీ చేసి ఎర్రర్ వస్తే, మీకేం రాదని కంగారు పడకండి. ముందు ఇంపోర్ట్ చూడండి.

ఇప్పుడు డబ్బుల సంగతి. ఒక వాలెట్ యాప్ అనుకోండి. నాన్న వాలెట్ నుంచి హాస్టల్‌లో ఉన్న చెల్లి వాలెట్‌కి 5,000 వెళ్లాలి. రెండు స్టెప్స్: నాన్న దగ్గర తగ్గించాలి, చెల్లికి పెంచాలి. మధ్యలో ఫెయిల్ అయితే మొదటిది కూడా వెనక్కి రావాలి. దీనికి ట్రాన్స్‌ఫర్ మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అనే యానోటేషన్ పెడతాం. అది పెట్టగానే సేఫ్ అనుకుంటాం. అది పనిచేసేది ఎలాగో తెలిస్తే అలా అనుకోరు.

మీ సర్వీస్‌ని ఎవరైనా అడిగినప్పుడు కంటైనర్ అసలు ఆబ్జెక్ట్‌ని నేరుగా ఇవ్వదు. దాని ముందు ప్రాక్సీ అనే ఇంకో ఆబ్జెక్ట్‌ని నిలబెట్టి, దాన్ని ఇస్తుంది. అపార్ట్‌మెంట్ గేట్ దగ్గర వాచ్‌మన్ లాగా. బయటినుంచి వచ్చే ప్రతి కాల్ వాచ్‌మన్‌ని దాటే లోపలికి పోవాలి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేది, కమిట్ చేసేది, రోల్‌బ్యాక్ చేసేది ఆ వాచ్‌మనే.

అయితే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. రాసుకోండి.

ఒకటి. అదే క్లాస్‌లో ట్రాన్స్‌ఫర్ ఆల్ అని ఇంకో మెథడ్ రాశారు, దానికి యానోటేషన్ లేదు. అందులో ఒక లూప్ పెట్టి ట్రాన్స్‌ఫర్‌ని పిలిచారు. ఇది మూడో ఫ్లోర్ నుంచి రెండో ఫ్లోర్‌కి దిగడం లాంటిది. గేట్ దాటలేదు, వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాయలేదు. అంటే ట్రాన్సాక్షన్ లేదు. నాన్న దగ్గర కట్ అయ్యాక ఫెయిల్ అయితే ఆ 5,000 ఎవరి దగ్గరా ఉండవు. ఎర్రర్ మెసేజ్ కూడా దీని గురించి ఏమీ చెప్పదు. పరిష్కారం: ట్రాన్స్‌ఫర్‌ని వేరే క్లాస్‌లో పెట్టి, దాన్ని కన్‌స్ట్రక్టర్‌లో అడగండి. బయటి మెథడ్‌కే యానోటేషన్ పెడితే సరిపోదా అంటే, అప్పుడు మొత్తం ఒకే ట్రాన్సాక్షన్ అవుతుంది. 100 మందిలో ఒక్కరిది ఫెయిల్ అయినా 100 మందిదీ వెనక్కి పోతుంది. మీకు ఏది కావాలో ఆలోచించి పెట్టండి.

రెండు. రోల్‌బ్యాక్ డీఫాల్ట్‌గా రన్‌టైమ్ ఎక్సెప్షన్లకి, ఎర్రర్లకి మాత్రమే జరుగుతుంది. ఐఓ ఎక్సెప్షన్ లాంటి చెక్డ్ ఎక్సెప్షన్ బయటికి వస్తే అప్పటిదాకా జరిగింది కమిట్ అయిపోతుంది. దానికి కూడా వెనక్కి రావాలంటే రోల్‌బ్యాక్ ఫర్ అని చెప్పాలి.

మూడు. పేమెంట్ సర్వీస్‌ని మీరే న్యూ అని తయారు చేస్తే దానికి వాచ్‌మనే ఉండడు. యానోటేషన్ కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. ఫీల్డ్ మీద ఆటోవైర్డ్ పెట్టి ఉంటే అది నల్ అవుతుంది, వాడగానే నల్ పాయింటర్ వస్తుంది.

ఇంకోటి కలుపుతా. మామూలుగా ఒక బీన్ డెఫినిషన్‌కి కంటైనర్ ఒకే ఆబ్జెక్ట్ తయారు చేస్తుంది, యూజర్లందరికీ అదే. అందుకని లాగిన్ అయిన యూజర్ పేరు, అమౌంట్ లాంటివి సర్వీస్ ఫీల్డ్‌లో దాచకండి. ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపిస్తాయి.

చూశారా, వీటిలో రెండోది తప్ప మిగతావాటికి ఒకే ప్రశ్న: ఈ ఆబ్జెక్ట్‌ని ఎవరు తయారు చేశారు, నేను దాన్ని ఎటువైపు నుంచి పిలుస్తున్నాను? కోడ్ చదివేటప్పుడు ఇది అడిగే అలవాటు చేసుకోండి. యానోటేషన్ల పేర్లు గూగుల్‌లో దొరుకుతాయి, ఈ అలవాటు అక్కడ దొరకదు.

హోమ్‌వర్క్: స్టార్ట్ డాట్ స్ప్రింగ్ డాట్ ఐఓ సైట్‌కి వెళ్లి వెబ్, జేపీఏ, హెచ్‌2 డేటాబేస్ సెలెక్ట్ చేసి ప్రాజెక్ట్ డౌన్‌లోడ్ చేయండి. నేను చెప్పిన ట్రాన్స్‌ఫర్ రాయండి. డబ్బు కట్ అయ్యాక కావాలని ఒక రన్‌టైమ్ ఎక్సెప్షన్ విసరండి. ముందు ట్రాన్స్‌ఫర్‌ని బయటి క్లాస్ నుంచి పిలవండి, తర్వాత అదే క్లాస్ లోపలినుంచి. రెండుసార్లూ బ్యాలెన్స్ చూడండి. తేడా మీ కళ్లతో చూస్తే ఇక మర్చిపోరు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఇదే ప్రాజెక్ట్‌కి రెస్ట్ ఏపీఐ పెడదాం. ఉపయోగపడింది అనిపిస్తే ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్న మీ ఫ్రెండ్‌కి పంపించండి.