ముప్పయ్యో తేదీ వెనకున్న జడ్జి



మొదట ఒక ప్రశ్న అడుగుతా, చేతులెత్తండి. మీ ఊళ్ళో పౌరహక్కుల దినం జరగడం మీలో ఎంతమంది చూసినారు? ప్రతి నెలా 30వ తేదీన తహసీల్దారు, ఎస్ఐ, మిగతా అధికారులు మండలంలో ఒక ఊరికి పోయి ఎస్సీ, ఎస్టీల మధ్య కూర్చోవాలి. అట్రాసిటీ చట్టం గురించి చెప్పాలి, మీ సమస్య వినాలి. ఫిబ్రవరి సంగతి వదిలేయండి, తక్కిన పదకొండు నెలల్లో ఎప్పుడైనా చూసినారా?

రెండు చేతులే లేచినాయి. సరే. ఇంకో ప్రశ్న. ఈ 30వ తేదీ యాడ నుంచి వచ్చిందో తెలుసా? దాని వెనక ఒక జడ్జి ఉన్నాడు. ఈరోజు ఆయన గురించే చెప్పాలని వచ్చినా.

ఆయన పేరు జస్టిస్ కె. పున్నయ్య. శ్రీకాకుళం జిల్లా దళితుడు. రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచినారు, తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయినారు. ఒకే మనిషి అసెంబ్లీలో చట్టం చేసే వైపూ కూర్చున్నాడు, కోర్టులో ఆ చట్టాన్ని తూచే వైపూ కూర్చున్నాడు. ఎమ్మెల్యే సీటుకు రిజర్వేషన్ ఉంది కాబట్టి దళితుడు అసెంబ్లీకి పోయే దారి ఒకటుంది. హైకోర్టు బెంచికి రిజర్వేషన్ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆయన ఎక్కిన రెండో మెట్టు ఎంత ఎత్తో దీన్నిబట్టి మీరే లెక్క వేసుకోండి.

ఇట్లాంటి దారిలోనే నడిచిన మనుషులు అమెరికాలోనూ ఉన్నారు. సౌత్ కరోలినా అనే రాష్ట్రంలో బానిసత్వం పోయిన కొత్తలో, 1868లో, జోనథన్ జాస్పర్ రైట్ అనే నల్లజాతి లాయరు రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైనాడు. 1870లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి అయినాడు. 1877లో పాత దొరలు మళ్ళీ అధికారంలోకి వచ్చి ఆయన్ని దించేసినారు. ఆ కోర్టులో ఇంకో నల్లజాతి మనిషి కూర్చోవడానికి 1985 దాకా పట్టింది. అంటే 108 ఏళ్ళు. అట్లా వచ్చినాయన ఎర్నెస్ట్ ఫిన్నీ. ఈయన కూడా ముందు ఎమ్మెల్యే లాంటి పదవిలో ఉండి జడ్జి అయినవాడే.

ఫిన్నీ కథలో నాకు బాగా పట్టుకున్న ముక్క వేరే ఉంది. 1954లో లా పాసైనా ప్రాక్టీసు మీద బతుకు గడవక ఆయన బడిపంతులుగా చేసినాడు, సముద్రం ఒడ్డున ఒక హోటల్లో సర్వరుగా కూడా చేసినాడు. లాయర్ల సంఘం సమావేశం ఆ హోటల్లోనే జరిగింది. లా చదివిన ఆయన వాళ్ళకు ప్లేట్లు అందించినాడు. 1961లో రాక్ హిల్ అనే ఊళ్ళో తెల్లవాళ్ళకు మాత్రమే అన్న బల్ల దగ్గర కూర్చున్నందుకు కొందరు కాలేజీ కుర్రాళ్ళను జైల్లో వేస్తే, వాళ్ళ తరఫున వాదించి ఓడిపోయినాడు. ఆ శిక్షలను కోర్టు 2015లో కొట్టేసింది. ఆ రోజు కూడా వాళ్ళ తరఫున లేచి నిలబడింది ఫిన్నీయే. అప్పటికి ఆయనకు 83 ఏళ్ళు.

టీ అంగట్లో మనకు వేరే గ్లాసు పెట్టినప్పుడు ఆ బల్లే నాకు గుర్తొస్తుంది.

మళ్ళీ పున్నయ్య గారి దగ్గరికి వస్తాం. రిటైరైన జడ్జీలు చాలామంది ఇంట్లో కూర్చుంటారు, కూర్చోవడం తప్పేం కాదు. పున్నయ్య గారు మాత్రం మనకు పనికొచ్చే పని రిటైరైన తర్వాతే చేసినారు. 2000లో రాష్ట్ర ప్రభుత్వం అంటరానితనం మీద, ఎస్సీ, ఎస్టీల మీద జరుగుతున్న అత్యాచారాల మీద ఏకసభ్య కమిషన్ వేసి ఆయనకు అప్పగించింది. అప్పుడు ముఖ్యమంత్రి మన కుప్పం ఎమ్మెల్యేనే. 2001లో రిపోర్టు వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు రాష్ట్రంలో ఒక కమిషన్ ఉండాలన్న సిఫార్సు 2003లో చట్టమయింది. ఊళ్ళల్లో నెలనెలా పౌరహక్కుల దినం కూడా ఆ రిపోర్టు నుంచి వచ్చిందే. ఇంకో సంగతి. ఆ 2003 చట్టం అయినప్పుడు అసెంబ్లీ స్పీకర్ కుర్చీలో ఉన్నది ఆయన కూతురు కావలి ప్రతిభా భారతి. అదే కాలంలో రాజ్యాంగం పనితీరును సమీక్షించడానికి ఢిల్లీలో వేసిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్‌లో కూడా పున్నయ్య గారు సభ్యులు.

ఇప్పుడు మీలో చదువుకున్నవాళ్ళకు ఒక అనుమానం రావాలి. ఆదివాసీలకు జడ్జి అంటే జస్టిస్ కె. రామస్వామి కదా, 1997 సమతా తీర్పు కదా, ఈ పున్నయ్య గొడవేంది అని. న్యాయమైన ప్రశ్నే. సమతా తీర్పు గొప్పది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు మైనింగు కంపెనీకి లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. కానీ తమ్ముడూ, షెడ్యూల్డ్ ప్రాంతం ఎక్కడుంది? శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఏజెన్సీలో ఉంది. మదనపల్లెలో లేదు, పుంగనూరులో లేదు, కుప్పంలో లేదు. 1/70 చట్టం ఇక్కడ నడవదు. పీసా గ్రామసభ ఇక్కడ లేదు. ఐటీడీఏ పీఓ జీపు మన తాండాకు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఏడు ఎస్టీ అసెంబ్లీ సీట్లూ ఆ పక్కనే. మనవాడు ఒక్కడు కూడా ఇక్కడ నుంచి రిజర్వుడు సీటులో అసెంబ్లీకి పోలేడు.

మరి మైదానంలో బతికే సుగాలీకి, యానాదికి, ఎరుకలకు మిగిలిందేంది? అసైన్డ్ భూముల 9/77 చట్టం, 1989 అట్రాసిటీ చట్టం, ఎస్టీ కమిషన్, ఆ 30వ తేదీ. మనం ఏజెన్సీ చట్టాల గురించి పాటలు పాడుకుంటూ మన చేతిలో ఉన్నవాటిని అటక మీద పెట్టేసినాం. ఇది నన్ను నేను కూడా తిట్టుకుంటూ చెప్తున్న మాట.

ఒకసారి ఒక మండలంలో, పేరెందుకులే, పౌరహక్కుల దినం రిజిస్టరు చూపించమని అడిగినా. చూపించినారు. మా పెద్దమ్మ వేలిముద్ర ఉంది అందులో. ఆమె ఆ నెలంతా బెంగుళూరులో కట్టడం పనిలో ఉంది. సభ జరిగిందని రాసిన ఊళ్ళో ఆ రోజు ఎవరూ సభ చూడలేదు. నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఎందుకంటే అప్పటిదాకా ఆ రిజిస్టరు ఒకటుందని నాకే తెలీదు.

కాబట్టి పని చెప్తా, రాసుకోండి. మీ భూమిలోకి ఎవరైనా దౌర్జన్యంగా దిగితే, కులం పేరుతో నలుగురిలో తిడితే, అది 1989 చట్టం కింద కేసు. స్టేషన్లో మీరు నోటితో చెప్పినా రాసుకోవాలి, రాసింది మీకు చదివి వినిపించాలి, కాపీ ఇవ్వాలి. అధికారి కావాలని ఈ పని చెయ్యకపోతే అదే చట్టం 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి, అరవై రోజుల్లో చార్జిషీటు పడాలి. సబ్‌ కలెక్టరు లేదా ఆర్డీఓ అధ్యక్షతన డివిజన్ స్థాయి విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఆ కమిటీలో ఎస్టీ సభ్యుడెవరో మీలో ఎవరికైనా తెలుసా? రేపు పోయి కనుక్కోండి.

2003లో ఎస్సీ, ఎస్టీలకు కలిపి పెట్టిన కమిషన్‌ను మన రాష్ట్రంలో 2019 చట్టంతో వేరు చేసి, ఎస్టీ కమిషన్‌ను విడిగా పెట్టినారు. అధికారులను పిలిపించి అడిగే అధికారం దానికి ఉంది. తెలుగులో ఒక తెల్లకాగితం మీద రాసి పంపినా చాలు.

ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గొద్దు. సౌత్ కరోలినాలో లాయర్లకు ప్లేట్లు అందించిన ఫిన్నీ 1994లో ఆ రాష్ట్ర చీఫ్ జస్టిస్ అయినాడు. మీరంతా జడ్జీలే కావాలని నేను చెప్పడం లేదు, అయితే మంచిదే. ముందు వచ్చే 30వ తేదీన ఊరికి ఇద్దరు చొప్పున తహసీల్దారు ఆఫీసుకు పోండి. ఈ నెల సభ ఏ ఊళ్ళో అని అడగండి. ఊరి పేరు చెప్తే ఆ ఊరికి పోయి కూర్చోండి. చెప్పకపోతే గత ఆరు నెలల రిజిస్టరు కాపీ కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. వేలిముద్రలు మీ ఇంటివాళ్ళవి ఉంటే, ఆ రోజు వాళ్ళు యాడున్నారో పక్కన పెన్సిల్‌తో రాసి తీసుకురండి.